తాళం వేసే ఉంది... తలుపు తెరుచుకుంది!

అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. గుంటూరులో నాన్నగారి కంప్యూటర్‌ మొరాయిస్తుంది. ఒకప్పుడైతే ఫోన్లోనే వైద్యం. 'ఎడమవైపు కింద స్టార్ట్‌ అని ఉంటుంది నాన్నా, అది నొక్కు' అని అబ్బాయి, 'ఏదిరా, కనపడదే' అని నాన్న... ఇలా గంట గడిచేది. రిమోట్‌ డెస్క్‌టాప్‌ వచ్చాక ఆ బాధ తప్పింది. గుంటూరు తెర డల్లాస్‌లో కనిపిస్తుంది. అక్కడ మౌస్‌ కదిపితే ఇక్కడ బాణం గుర్తు కదులుతుంది.

ఇందులో రెండు ముక్కలుంటాయి. తెరను పంపేది సర్వర్‌, దాన్ని చూపించేది వ్యూయర్‌. సర్వర్‌ అనగానే ఏసీ గదిలో ఉండే పెద్ద యంత్రం గుర్తొస్తుంది చాలామందికి. ఇక్కడ మాత్రం నాన్నగారి పాత కంప్యూటరే సర్వర్‌! దానికి పాస్‌వర్డ్‌ అనే తాళం ఉంటుంది. కొత్త వెర్షన్‌ వచ్చినప్పుడల్లా ఆ తాళం సరిగ్గా పడుతోందో లేదో ఎవరో ఒకరు లాగి చూడాలి. సాఫ్ట్‌వేర్‌ను బజారులో పెట్టే ముందు కొంతమంది చేత వాడించి చూడటమే బీటా టెస్టింగ్‌. పెళ్లి వంటలో ఉప్పు చూసే పని లాంటిదన్నమాట.

ఆ ఉప్పు చూడటంలో ఏం తప్పిపోవచ్చో చెప్పడానికి వీఎన్‌సీ కథను మించింది లేదు. ఇది ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో, ఒలివెట్టి పరిశోధనశాలలో పుట్టింది. 1990ల చివర్లో దీన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. తెర మొత్తాన్ని మాటిమాటికీ పంపకుండా, మారిన చోటు వరకే ముక్కగా కత్తిరించి పంపడం దీని కిటుకు. వ్యూయర్‌ ఎంత చిన్నదంటే ఫ్లాపీలో పట్టేది. ఆ బృందంలోని క్వెంటిన్‌ స్టాఫర్డ్‌ ఫ్రేజర్‌ 1991లో మరో తమాషా చేశారు. కాఫీ ఉందో లేదో లేచి వెళ్లకుండానే తెలుసుకోవడానికి కాఫీ పాత్రకు ఎదురుగా కెమెరా పెట్టిన వాళ్లలో ఆయనా ఒకరు. దూరం నుంచి చూడటమనే సరదా అప్పట్నుంచే ఉందన్నమాట! 2002లో పరిశోధనశాల మూతపడింది. అక్కడి వాళ్లు కొందరు కలిసి రియల్‌వీఎన్‌సీ పేరుతో సంస్థ పెట్టి పని కొనసాగించారు.

2006 మే నెలలో ఆ సంస్థ వెర్షన్‌ 4.1.1లో ఓ లోపం బయటపడింది. అది చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. వ్యూయర్‌ వచ్చి తలుపు తట్టగానే సర్వర్‌ ఓ జాబితా ఇస్తుంది. 'నా దగ్గర ఈ రకం తాళాలున్నాయి, ఒకటి ఎంచుకో' అని. అందులో 1 అంటే తాళమే లేదని, 2 అంటే పాస్‌వర్డ్‌ కావాలని అర్థం. నాన్నగారి సర్వర్‌ 2 మాత్రమే చూపిస్తుంది. మర్యాదస్తుడైన వ్యూయర్‌ 2 అంటాడు. మరి జాబితాలో లేని 1 అడిగితే? అడిగినది తాను ఇచ్చిన జాబితాలో ఉందో లేదో సర్వర్‌ చూసుకోలేదు. 'అలాగే, లోపలికి రండి' అనేసింది! పాస్‌వర్డ్‌ ఎంత గట్టిదైనా లెక్కలోకే రాదు. ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉంచిన యంత్రమైతే ఫొటోలు, ఉత్తరాలు, బ్యాంకు వివరాలు అన్నీ వచ్చినవాడి చేతిలో ఉన్నట్టే.

పరీక్షలో ఇది దొరకడం ఎందుకంత కష్టం? మామూలు వ్యూయర్‌తో వెయ్యిసార్లు చూసినా బయటపడదు. సరైన పాస్‌వర్డ్‌ ఇస్తే తెరుచుకుంటుంది, తప్పుది ఇస్తే పొమ్మంటుంది. అంతా బ్రహ్మాండం! అబద్ధమాడే వ్యూయర్‌ను తయారుచేసి పంపితేనే గుట్టు తెలుస్తుంది. అంటే టెస్టర్‌ కాసేపు మంచివాడిగా, కాసేపు దొంగగా ఉండాలి. రెండోదే అసలు పని. తర్వాత వచ్చిన 4.1.2లో సర్వర్‌ తన జాబితాను తాను సరిచూసుకోవడం నేర్చుకుంది.

బీటాలో చూడాల్సిన చిల్లర పనులూ బోలెడు. మధ్యలో నెట్‌ తెగిపోతే ఆల్ట్‌ మీట నొక్కినట్టే ఉండిపోతోందా? ఇటు కాపీ చేసిన తెలుగు అక్షరాలు అటు వెళ్లేసరికి ప్రశ్నార్థకాలవుతున్నాయా? పాత వ్యూయర్‌ కొత్త సర్వర్‌తో మాట్లాడుతోందా? వరసగా తప్పు పాస్‌వర్డ్‌లు కొడితే ఎప్పుడు ఆపుతోంది? దొరికిన లోపాన్ని 'పనిచేయడం లేదు' అని రాసి పంపితే కంపెనీ వాళ్లకు ఒరిగేదేమీ ఉండదు. ఏ వెర్షన్‌, ఏం నొక్కితే ఏం రావాలి, ఏం వచ్చింది... వరసగా రాయాలి. అలా రాసిన చీటీ ఒక్కటి వంద ఫిర్యాదుల పెట్టు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. డల్లాస్‌ అబ్బాయి పాత సర్వర్‌లోంచే లోపలికి వచ్చి, దాన్ని తీసేసి బీటా వేయడం మొదలుపెట్టాడనుకోండి. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే! పాతది ఆగగానే తెర మాయమవుతుంది. కొత్తది లేవకపోతే ఇక దారి లేదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు బీటాను ముందు పక్కనే ఉన్న మరో కంప్యూటర్‌లో వేసి చూస్తారు. దూరాన ఉన్నదానికి లోపలికెళ్లే రెండో దారి ఒకటి ఉంచుకుంటారు. అదీ లేకపోతే నాన్నగారు నిద్రలేచి, కాఫీ తాగి, కంప్యూటర్‌ ముందు కూర్చున్నాకే మొదలుపెడతారు. అప్పుడు మళ్లీ ఫోనే... 'ఎడమవైపు కింద చూడు నాన్నా.'