మనవాళ్ళు చంపితే హత్య కాదా?



1968 మార్చి 16న వియత్నాంలోని మైలాయిలో అమెరికా సైనికులు ఆడవాళ్ళనీ, ముసలివాళ్ళనీ, చంటిపిల్లల్నీ కాల్చి చంపారు. వియత్నాం లెక్క ప్రకారం చనిపోయినవారు 504 మంది. 1971లో 22 హత్యల నేరం రుజువై లెఫ్టినెంట్ కాలీకి యావజ్జీవ శిక్ష పడితే, దేశభక్తి పేరిట వేలాదిమంది అతన్ని వీరుడన్నారు. హెలికాప్టరు దించి అడ్డుపడి కొందరిని కాపాడిన థాంప్సన్‌ను ద్రోహి అన్నారు.

అది సామ్రాజ్యవాదుల బుద్ధి అని చేతులు దులుపుకుందామా? 1940లో సోవియట్ రహస్య పోలీసులు కాటిన్ తదితర చోట్ల సుమారు 22,000 మంది పోలెండు బందీలను కాల్చి చంపారు. నాజీలే చేశారని 1990 దాకా బుకాయించారు. ఎర్రజెండా మీది మమకారంతో ఎందరో నమ్మారు, నమ్మించారు.

జెండా రంగు చూసి శవాలు లెక్కపెట్టేవాడు రేపు మిల్లు గేటు దగ్గర కాల్పులు జరిగినా సమర్థిస్తాడు. చంపింది మనవాళ్ళయినా హత్య హత్యే అని గట్టిగా చెప్పండి!