ముందు కుళాయి, తర్వాతే మా కొట్టు

నరసన్నపేటలో మందుల కొట్టు నడిపేవాడిగా నా వ్యాపారానికి పనికిరాని మాటొకటి చెప్తాను. ఒళ్లు కాలినవాళ్లు ముందు రావలసింది మా దగ్గరికి కాదు. ఇంట్లో కుళాయి దగ్గరికో, నూతి గట్టుకో పోవాలి.

"కాలిపోనాది బాబూ, రాసే మందేదైనా ఇయ్యి" అంటూ వస్తారు. ఇంటి దగ్గర ఏం రాశారని అడిగితే "ఏటీ రాయనేదు, పేస్టే రాసినాం" అంటారు. పేస్టు లెక్కలోకి రాదన్నమాట. పోలాకి, జలుమూరు పక్క నుంచి వచ్చేవాళ్ల చేతుల మీద పళ్లపేస్టు చూశాను, నీలం సిరా చూశాను, పసుపు, కోడిగుడ్డు తెల్లసొన చూశాను. ఒక మెకానిక్ కుర్రాడైతే సైలెన్సర్ కాల్చిన పిక్క మీద ఇంజినాయిలు పూసుకుని వచ్చాడు. నీళ్లు పోసుకుని వచ్చినవాళ్లు మాత్రం అరుదు. నీళ్లు తగిలితే బొబ్బలెక్కుతాయని, చీము పడుతుందని మా పక్క గట్టి నమ్మకం. చదువుకున్న ఇళ్లలోనూ అంతే.

నిజం దానికి తలకిందులు. పొయ్యి దించిన అన్నం మూత కింద ఇంకా మగ్గుతున్నట్టే, మంట ఆరాక కూడా వేడి చర్మం లోపలికి దిగుతూనే ఉంటుంది. దాన్ని ఆపేది పారే చల్లటి నీళ్లే. ఇరవై నిమిషాలు, గడియారం చూసుకుని మరీ పోయాలి. వెంటనే కుదరకపోతే మూడు గంటల లోపు పోసినా మేలే. ఐసు వద్దు, అది దెబ్బను పెంచుతుంది. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసెయ్యాలి. పసిపిల్లలైతే కాలినచోట నీళ్లు పోస్తూ మిగతా ఒళ్లు కప్పి ఉంచాలి, లేకపోతే చలి పట్టేస్తుంది. పేస్టుతో ఇంకో చిక్కుంది. గాయం ఎంత లోతో డాక్టరు చూడాలంటే ముందు దాన్నంతా గీకి తీయాలి. ఆ గీకుడు పడ్డవాళ్లని అడగండి.

నొప్పితో గోల పెట్టేవాళ్లని చూస్తే నాకంత భయం ఉండదు. పెళ్లి వంటలకెళ్లే ఒకాయన కాగే నూనె పడ్డ చెయ్యి చూపించి "నొప్పేటీ లేదు బాబూ, మచ్చ పడకుండా ఇయ్యి" అన్నాడు. మణికట్టు మీద చర్మం తెల్లగా, తోలులా బిగుసుకుపోయి ఉంది. ఎర్రగా కమిలి మండితే కాలింది పైపొరే. బొబ్బలెక్కి ముట్టుకోనివ్వకపోతే ఇంకాస్త లోతు. తెల్లబడో నల్లబడో నొప్పే తెలియకపోతే అక్కడ నరాలు కూడా కాలిపోయాయని అర్థం. ఆయనకి ట్యూబు ఇవ్వకుండా ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపాను.

ఎంత మేర కాలిందో ఇంట్లోనే అంచనా వేసుకోవచ్చు. కాలినవాళ్ల అరచెయ్యి, వేళ్లతో సహా, వాళ్ల ఒంట్లో సుమారు ఒక శాతం. పెద్దవాళ్లకి పదిహేను, పిల్లలకి పది శాతం దాటితే సెలైను ఎక్కించాల్సిందే. ముఖం, చేతులు, కీళ్లు కాలితే ఎంత చిన్నదైనా ఆసుపత్రికే. 108కి ఫోన్ చేసినా ముందున్నది చిన్న దారి కాదు. ముదిరిన కేసు శ్రీకాకుళం దాటి విశాఖ కేజీహెచ్‌కి చేరాలంటే ఇక్కణ్ణుంచి నూట ఇరవై కిలోమీటర్ల పైమాటే. మొదటి ఇరవై నిమిషాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూసుకోండి.

1999లో గ్యాసు కనెక్షన్ల దీపం పథకం వచ్చిన నాటికీ ఇప్పటికీ వంటిళ్లు మారాయి. కిరోసిన్ పంపు స్టవ్వుల భయం దాదాపు పోయింది. దీపం-2 కింద ఉచిత సిలిండర్లు 2024 నవంబరు 1న మా జిల్లాలోని ఈదుపురంలోనే మొదలయ్యాయి. మంచిదే. కానీ స్నానాల నీళ్లు పెరట్లో కర్రల పొయ్యి మీద ఇంకా కాగుతూనే ఉన్నాయి. గంజి వార్చేటప్పుడు జారే తపేలా, నేల మీద దించిన పులుసు గిన్నె, పక్కనే పాకే పిల్లాడు: మా కౌంటరుకి వచ్చేవి ఎక్కువగా ఇవే. 2019లో పాణ్యంలో ఒక బడిపిల్లాడు సాంబారు గిన్నెలో పడి చనిపోతే పేపర్లు రాశాయి. ఇళ్లలో కాలినవి ఎవరు రాస్తారు? మన దేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఒక మోస్తరుగానో తీవ్రంగానో కాలుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

సిలిండరు ఉచితంగా ఇచ్చే ప్రభుత్వం దాని మీద "కాలితే ఇరవై నిమిషాలు నీళ్లు" అని ఒక కాగితం అంటిస్తే ఎంత ఖర్చు? గ్యాసు కారితే పిలవాల్సిన 1906 నంబరు కూడా దాని మీదే వెయ్యొచ్చు. సిలిండరు దించే కుర్రాడు రబ్బరు గొట్టం మీద తేదీ చూసి, ఐదేళ్లు దాటితే మార్చుకోమనాలి. బడిలో అన్నం వండే అక్కలకీ, మా మందుల కొట్లకీ ఇదే పాఠం చెప్పాలి. నా కౌంటరు అద్దానికి ఆ కాగితం నేనే అంటించాను. "మందియ్యమంటే నీళ్లోసుకోమంటావేటి?" అని కసిరినవాళ్లున్నారు.

ఇక పత్యం. ఒళ్లు కాలిన మనిషికి పప్పు, చేప, మాంసం, గుడ్డు మానిపించి చారన్నం పెడతారు, చీము పడుతుందని. కొత్త చర్మం కట్టాలంటే కావలసినవే అవి, అదీ మామూలుకంటే ఎక్కువగా. తెల్లసొన పుండు మీద పూస్తారు, గుడ్డు నోట్లో మాత్రం పెట్టరు. ఆ గుడ్డేదో ఉడకబెట్టి తినిపించమ్మా అని ఒకావిడకి చెప్తే, తలూపి దిగి, నా మాట నిజమేనా అని ఎదురు కొట్టాయన్ని అడిగింది. ఆయన పత్యమే చెప్పాడు.