డాబాల మీద అంజూరకు చోటివ్వండి

భీమవరం పట్టణ ప్రజలకు, అపార్టుమెంటు సంఘాల పెద్దలకు, మున్సిపాలిటీ వారికి విజ్ఞప్తి

మన బజార్లో ఎండు అంజూర పండ్లకు లోటు లేదు. తాడుకు గుచ్చిన దండలు ఏ డ్రైఫ్రూట్ దుకాణంలో చూసినా వేలాడుతుంటాయి. మన దేశానికి దిగుమతయ్యే ఎండు అంజూరలో అత్యధిక భాగం ఆఫ్ఘనిస్థాన్ నుంచే వస్తోంది. తాజా పండు మాత్రం ఎప్పుడో కనిపిస్తుంది, కనిపించినా సగం చప్పగా ఉంటుంది. దానికి వ్యాపారులను తప్పుపట్టి లాభం లేదు. మామిడి, అరటి, సపోటా కాయగా కోసినా గడ్డిలో మాగబెడితే పండుతాయి. అంజూర అలా కాదు, చెట్టు మీదే పూర్తిగా పండాలి. పండిన తర్వాత తోలు పల్చబడి, లోపలి గుజ్జు మెత్తబడి, మన ఎండలకు రెండో రోజుకే పులిసిపోతుంది. 2016లో భౌగోళిక గుర్తింపు దక్కిన పురందర్ అంజూరకైనా ఈ ఇబ్బంది తప్పదు. పుణె జిల్లా దాటి దూరం వెళ్ళాలంటే పూర్తిగా పండకముందే కోసి పెట్టెల్లో సర్దాలి. ప్రయాణం పడని పండు ఇది. తినాలనుకుంటే చెట్టును మన గుమ్మంలోకి తెచ్చుకోవాలి. ఆరోగ్యం దృష్ట్యా కూడా తాజా పండుకీ ఎండుదానికీ చాలా తేడా ఉంది. వంద గ్రాముల తాజా అంజూరలో చక్కెర సుమారు 16 గ్రాములుంటే, అంతే బరువున్న ఎండు పండులో 48 గ్రాముల దాకా ఉంటుంది. షుగరు వ్యాధి లేని ఇల్లు అరుదైపోతున్న ఈ రోజుల్లో ఇది పట్టించుకోవలసిన లెక్కే.

చెట్టు పెట్టాలంటే నేల కావాలి కదా అంటారు. భీమవరంలో సొంత పెరడున్న ఇళ్ళు ఏటికేడాది తగ్గిపోతున్నాయి. ఉన్న పెరళ్ళు కూడా అంజూరకు నప్పవు. మనది నీరు ఇంకని బంకమన్ను. వానాకాలంలో గుంట తీస్తే కొద్ది లోతులోనే నీళ్ళు ఊరుతాయి. బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. అంజూర కొంత ఉప్పును తట్టుకుంటుంది గాని, వేళ్ళ దగ్గర నీరు నిలిస్తే కుళ్ళిపోతుంది. కుండీలో నీటినీ మట్టినీ మనమే నిర్ణయిస్తాం. పైగా కుండీ ఈ చెట్టుకు గతిలేక చేసే ఏర్పాటేమీ కాదు. వేళ్ళు ఇష్టం వచ్చినట్టు పాకే చోట అంజూర ఆకులూ కొమ్మలూ పెంచుకుంటూ పోతుంది, వేళ్ళకు హద్దు పెడితే కాయల వైపు తిరుగుతుంది. ఇంగ్లండులో తోటమాలులు నేలలో నాటేటప్పుడు సైతం గుంట చుట్టూ ఇటుక గోడ కట్టడం ఇందుకే. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి ఈ పండంటే మహా ఇష్టం. వెర్సాయ్‌లో ఆయన తోటల అధికారి లా క్వింటినీ అంజూర చెట్లను చెక్కపెట్టెల్లో పెంచి, చలి ముదరగానే లోపలికి చేర్పించేవాడు. వాళ్ళు మంచు నుంచి కాపాడుకున్నట్టే మనం తుపాను నుంచి కాపాడుకోవచ్చు. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమలో కూల్చిన కొబ్బరి తోటలు మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పట్టింది. కుండీలోని అంజూరను గాలి రాకముందే గోడ వారకు జరపొచ్చు. కొమ్మలు విరిగినా మొదలు బతికుంటే చాలు, కొత్త చిగుళ్ళ మీదే కాపు వస్తుంది.

పెంపకంలో గట్టిగా పట్టించుకోవలసినవి రెండే, మట్టి మిశ్రమం, కత్తిరించే కాలం. నలభై నుంచి అరవై లీటర్లు పట్టే డ్రమ్ము ముక్క గాని, పెద్ద కుండీ గాని సరిపోతుంది. అడుగున వేలు దూరేంత రంధ్రాలు నాలుగైదు ఉండాలి. మన బంకమన్ను ఒక్కటే నింపితే నెల తిరగకుండా ఇటుకలా గట్టిపడుతుంది. అందులో మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు, రైసుమిల్లు ఊక కలిపి గుల్ల చేయాలి. కొబ్బరి పొట్టులో సహజంగానే ఉప్పు ఉంటుంది కాబట్టి మంచినీళ్ళలో రెండుమూడుసార్లు నానబెట్టి పిండాకే వాడాలి. మొక్క కోసం గింజ నాటే పని లేదు, పెన్సిలు లావు కొమ్మ ముక్క వేళ్ళు పోస్తుంది. ఇక కత్తిరింపు. పుణె రైతులు అంజూరలో రెండు కాపులు చూస్తారు. వానల్లో వచ్చేది ఖట్టా బహార్, ఎండల్లో వచ్చేది మీఠా బహార్. మొదటిది పుల్లన, రెండోది తీపి అని పేర్లే చెబుతున్నాయి. మనకు వానలు నవంబరు దాకా ఉంటాయి కనుక ఆ నెలాఖరున కొమ్మలు కత్తిరిస్తే పండు మార్చి నుంచి మే లోపల చేతికొస్తుంది. కత్తిరించిన చోట కారే తెల్లని పాలు చర్మానికి మంట పుట్టిస్తాయి, కళ్ళలో పడితే ప్రమాదం. చేతులు వెంటనే కడుక్కోవాలి. కొన్ని వారాలకు కొత్త చిగురు సాగి, ప్రతి ఆకు కాడ మొదట్లో శనగగింజంత పచ్చని బొడిపె లేస్తుంది. విడిగా పువ్వంటూ కనిపించదు, పువ్వులన్నీ ఆ బొడిపె లోపలే ఉంటాయి. అది నెలల పాటు గట్టిగా, కదలకుండా ఉండి, చివరి కొద్ది రోజుల్లోనే ఉబ్బి, రంగు తిరిగి, మెడ వంచి కిందికి వాలుతుంది. కోయవలసింది అప్పుడే. ఆ లోపల పిట్టలూ ఉడతలూ రాకుండా ఒక్కో పండుకూ పల్చని గుడ్డ సంచి కడితే సరి.

అపార్టుమెంట్లలో మొదట వచ్చే అభ్యంతరం శ్లాబు గురించి. ఆ భయం అర్థం లేనిది కాదు, కాబట్టి లెక్కతోనే జవాబు చెప్పాలి. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువును లెక్కలోకి తీసుకుని నిర్మాణం చేయాలి. నలభై లీటర్ల కుండీని ఉత్త మట్టితో నింపినా తడిసినప్పుడు డెబ్బై కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, ఊక, పొట్టు కలిపితే ఇంకా తగ్గుతుంది. చదరపు మీటరుకు ఒకటి చొప్పున, దూలాల మీదుగా, గోడల వెంబడి పెడితే హద్దులోనే ఉంటాం. పాతబడిన, చువ్వలు తుప్పు పట్టిన భవనమైతే ఇంజనీరు చూసి సరేననేదాకా ఆగాల్సిందే, అందులో మొహమాటం అక్కర్లేదు. డాబా అంతా మట్టి పరిచే తోటలతో దీన్ని కలిపి చూడొద్దు. కుండీ ఇటుకల మీద నిలబడుతుంది, కింద గాలి ఆడుతుంది, కారిన నీరు వాలున జారిపోతుంది. కుండీ కింద పళ్ళెం మాత్రం పెట్టకూడదు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలా నిలిచిన నీళ్ళలోనే.

ఇది రావి జాతి చెట్టు కదా, గోడల్లో మొలకెత్తి పగుళ్ళు తెస్తుందేమోనని ఇంకో అనుమానం. పూణె అంజూర, డయానా, బ్రౌన్ టర్కీ వంటి రకాలు పరాగసంపర్కం లేకుండానే కాయలు పండిస్తాయి. అలా పండిన పండులో గింజలు డొల్ల. పిట్ట తిని ఎక్కడ రెట్ట వేసినా మొలవవు. మేడిపండులోలా పురుగులుంటాయన్న సందేహానికీ ఇదే జవాబు. కందిరీగ లోపల దూరి పరాగం చేస్తే తప్ప పండని అంజూర రకాలు వేరే ఉన్నాయి, మనం పెంచేవి అవి కావు.

గట్టి అభ్యంతరం మన గాలిది. పొడి గాలిలో సుఖపడే చెట్టును ఇంత తేమలో పెంచితే తుప్పు తెగులు వస్తుంది. ఆకు అడుగున పసుపు, గోధుమ రంగు పొడి చుక్కలు లేచి, ఆకులు పండి రాలతాయి. ఆ మాట నిజం. వానాకాలపు కాపు మీద ఆశ పెట్టుకోవద్దనడం కూడా అందుకే. రాలిన ఆకులను ఏరి పారేయడం, కుండీల మధ్య గాలి ఆడనివ్వడం, వానలు ఆగగానే కత్తిరించి ఒక శాతం బోర్డో మిశ్రమం పిచికారీ చేయడం ద్వారా తెగులును అదుపులో పెట్టవచ్చు. కొత్త ఆకు వచ్చేసరికి పొడి రోజులు మొదలవుతాయి. నీటి విషయమూ అంతే ముఖ్యం. పండు ఊరే వేసవిలోనే కాలువలు కట్టేస్తారు, కుళాయి నీరు పొదుపుగా వాడాలి. బోరు నీరు పోస్తూ పోతే కుండీలో ఉప్పు పేరుకుంటుంది, ఆర్వో మిషను వదిలే నీటిలో లవణాలు ఇంకా ఎక్కువ. ఆ నెలల్లోనే మన ఇళ్ళలో ఏసీలు రాత్రంతా నడుస్తాయి. గొట్టం నుంచి కారే నీరు గాలిలోని తేమే, అందులో ఉప్పు ఉండదు. తేమ ఎక్కువున్న మన ఊళ్ళో ఒక్కో ఏసీ కింద బకెట్ పెడితే రోజుకు కొన్ని లీటర్లు చేరతాయి. బియ్యం కడిగిన నీళ్ళూ పనికొస్తాయి. వానాకాలంలో ఒకటి రెండు పెద్ద వానలకు కుండీలను తడవనిస్తే అంతకుముందు చేరిన ఉప్పు కడిగిపోతుంది.

ఇళ్ళవాళ్ళ ఉత్సాహం ఒక్కటే చాలదు, అడగవలసిన వాళ్ళను అడగాలి. తడి చెత్త, పొడి చెత్త ఇంటి దగ్గరే వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. వేరుచేసిన తడి చెత్త ఎరువుగా మారి అదే వీధి వాళ్ళకు తిరిగి అందితేనే జనానికి ఆ శ్రమ మీద నమ్మకం కలుగుతుంది. మున్సిపాలిటీ ఆ ఎరువును వార్డుల్లో సంచుల లెక్కన అమ్మాలి. కడియం నర్సరీలు అంజూర మొక్కకు రకం పేరు రాసిన చీటీ కట్టి ఇవ్వాలి. పేరు తెలియని మొక్కను కొని మూడేళ్ళు కాపు కోసం ఎదురు చూడమనడం కొనుగోలుదారుకు అన్యాయం. మన జిల్లాలోనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఏ రకం డెల్టా తేమకు, తుప్పు తెగులుకు ఎక్కువ తట్టుకుంటుందో కుండీల్లో పెంచి చూసి, ఆ ఫలితాలు తెలుగులో ప్రకటించమని ఆ శాస్త్రవేత్తలను కోరుతున్నాం.

అపార్టుమెంటు సంఘాలను కోరేది ఇంకా చిన్నది. వచ్చే నెల సమావేశంలో ఒక అంశం చేర్చండి. దూలాల మీద, గోడల వెంబడి ప్రతి ఫ్లాటుకూ రెండు కుండీల చోటు, ఇటుకల మీదే ఉంచాలన్న షరతు, పళ్ళేలు పెట్టకూడదన్న నియమం, తుపాను హెచ్చరిక వస్తే యజమానే గోడ వారకు జరపాలన్న పూచీ. ఈ నాలుగు మాటలూ మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టండి. నవంబరు నాటికి మొక్కలు కుండీల్లో నిలదొక్కుకోవాలంటే ఆ సంతకాలు ఈ వానాకాలంలోనే పడాలి.