ఆ గదిలోకి వస్తున్నది ఎవరు?

వృద్ధాశ్రమంలో పనికి చేరే ఆయా దగ్గర ఆధార్ జెరాక్సు తీసుకుంటారు. ఊరు, కులం, మొగుడేం చేస్తాడు, అన్నీ అడుగుతారు. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు సంచీ కూడా వెతుకుతారు. అదే గేటులోంచి ఫిజియోథెరపిస్టు వస్తాడు, రక్తం తీసుకునే కుర్రాడు వస్తాడు, బ్యూరో పంపిన కొత్త అటెండెంట్ వస్తాడు. ఆశ్రమం జీతమిచ్చే మనుషులు కారు కనుక వాళ్లెవరో ఎవరికీ పట్టదు. "సార్ వచ్చారు" అని తలుపు దగ్గరగా వేసి మరీ వెళ్తారు. లోపల మంచం దిగలేని స్త్రీ, ఆమె ఒళ్లు తాకే పరాయి మగవాడు. సామాన్లు పోతాయన్న భయానికున్న విలువ ఆమె భయానికి లేదా?

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆశ్రమాలు పెట్టడం గురించి చెప్పింది గానీ, బయటి నుంచి వచ్చి సేవలు చేసేవాళ్ల గురించి ఒక్క మాట లేదు. ఆశ్రమాలనూ, ఇళ్లకు మనుషుల్ని పంపే ఏజెన్సీలనూ రిజిస్టరు చేయించాలన్న సవరణ బిల్లు 2019లో లోక్‌సభకు వచ్చింది. 2024లో ఆ సభతోపాటే మురిగిపోయింది.

పోలీసు వెరిఫికేషన్ ఉంటే చాలనేవాళ్లున్నారు. ఉండాల్సిందే. కానీ ఆ కాగితం చెప్పేది కేసు ఉందా లేదా అన్నదే. పక్షవాతంతో మాట పడిపోయినామె ఏడిస్తే "చాదస్తం" అనీ, మతిమరుపు ఉన్నామె చెబితే "కలగన్నావులే" అనీ కొట్టిపారేసే చోట అసలు కేసెక్కడ పుడుతుంది? అందుకే అతను ఇంతకుముందు పనిచేసిన చోట విచారించాలి. ఎవరు, ఎప్పుడు, ఏ గదిలోకి వెళ్లారో రిజిస్టరులో రాయాలి. ఆమె కోరితే మరో స్త్రీ తోడుండాలి. వద్దంటే అతను వెనక్కి వెళ్లాలి.

2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం ఏ వయసు స్త్రీ అయినా, అక్కడ ఉద్యోగి కాకపోయినా ఫిర్యాదు చేయొచ్చు. సేవలందించే ట్రస్టులూ, సొసైటీలూ దాని కిందికి వస్తాయి. ఈ సంగతి ఎన్ని ఆశ్రమాల గోడల మీద రాసి ఉంది? ఈసారి పండ్లు, చీరలు పంచడానికి వెళ్లినప్పుడు ఆ రిజిస్టరు చూపించమని అడుగుదాం.