లైకు కొడితే యాభై రూపాయలు: ఇది ప్రభువు తెరిచిన ద్వారమేనా?



ఈమధ్య మన సంఘం వాట్సాప్ గ్రూపులో వాక్యం కంటే లింకులు ఎక్కువ వస్తున్నాయి. "ప్రైజ్ ద లార్డ్ సిస్టర్, ఇంట్లో కూర్చుని రోజుకి రెండు వేలు, నాకు వచ్చాయి, మీకూ వస్తాయి" అని ఒకరు పెడతారు. దాని కింద పదిమంది ఆమెన్ అంటారు. పోయిన నెల ఉపవాస కూడికలో ఒక సహోదరి లేచి, వీడియోలకి లైకులు కొడితే తన ఖాతాలో 150 రూపాయలు పడ్డాయనీ, ఇది ప్రభువు తెరిచిన ద్వారమనీ సాక్ష్యం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. అది సాక్ష్యం కాదని నేను అక్కడే చెప్పాను. కొందరికి కష్టం తోచింది. "పాస్టరుగారికి ఫోన్ల సంగతి ఏం తెలుసు" అన్న మాట కూడా నా చెవిన పడింది. సరే, నాకు తెలిసిన సంగతి వివరంగానే రాస్తాను, చదివి మీరే తీర్పు తీర్చండి.

మొదట లెక్క చూద్దాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. ఎండలో గునపం పట్టి మట్టి తవ్వి, తట్టలు మోస్తే వచ్చే డబ్బు అది. లైకుకి యాభై చొప్పున ఆరు లైకులు కొడితే 300. అంటే రెండు నిమిషాల వేలి కదలికకి ఒక రోజు కూలి. లోకంలో ఏ వ్యాపారి ఇస్తాడమ్మా ఇది? మిర్చి యార్డులో కిలోకి రూపాయి పెంచమంటే తల అడ్డంగా ఊపే లోకం, ముక్కూ మొహం తెలియని మీ వేలికి యాభై ఎందుకు ఇస్తుంది? ఆ వేలి వల్ల వాడికి ఏం లాభం? ఈ ప్రశ్న అడగకుండా ఆమెన్ అనకూడదు.

ఇవ్వడానికి కారణం ఉంది. ఆ 150 ఎర. తీసుకున్న రోజే మిమ్మల్ని టెలిగ్రామ్‌లో ఒక గ్రూపులో చేరుస్తారు. అక్కడ వంద మంది "నాకు పదివేలు వచ్చాయి", "నాకు ముప్పైవేలు వచ్చాయి" అని స్క్రీన్‌షాట్లు పెడుతుంటారు. వాళ్ళలో చాలామంది మనుషులే కాదు, ఒకడే పది పేర్లతో రాస్తుంటాడు. తర్వాత "ప్రీపెయిడ్ టాస్క్" అంటారు. వెయ్యి పంపితే పదమూడు వందలు తిరిగి వస్తాయి. నిజంగానే వస్తాయి, అక్కడే మనిషి పడిపోతాడు. తర్వాత ఐదు వేలు. తర్వాత ఇరవై వేలు పంపాక, మీ పేరు మీద తెరలో అరవై వేలు కనిపిస్తాయి గానీ తీసుకోబోతే రావు. మీరు ఒక మెట్టు తప్పు నొక్కారంటారు. దాన్ని సరిచేయడానికి ఇంకో నలభై వేలు, తర్వాత పన్ను, తర్వాత ఖాతా విడిపించే రుసుము. తెరమీద అంకె పెరుగుతూనే ఉంటుంది. డ్వాక్రా లోను, చెవుల కమ్మలు, పిల్లవాడి ఫీజు ఒక్కొక్కటే అందులోకి పోతాయి.

ఇవి ఊహించి రాసినవి కావు. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు సరిగ్గా ఇలాంటి లైకులు, రేటింగుల మోసంలోనే 712 కోట్ల రూపాయల వ్యవహారాన్ని బయటపెట్టారు. అదే ఏడాది డిసెంబరులో కేంద్ర హోం శాఖ ఇలాంటి పార్ట్‌టైమ్ ఉద్యోగాల మోసాలు నడిపే వంద పైచిలుకు వెబ్‌సైట్లను మూయించింది. అవి మూస్తే వేరే పేర్లతో ఇంకొన్ని లేస్తాయి.

"కానీ నాకు తెలిసినాయనకి ఆరు నెలలు నిజంగా వచ్చాయండీ" అంటారు. వస్తాయి, నేను కాదనను. 2010, 2011 ప్రాంతంలో స్పీక్ ఏషియా అని ఆన్‌లైన్ సర్వేల కంపెనీ ఒకటి దేశమంతా తిరిగింది, పెద్దవాళ్ళకి గుర్తుండాలి. 11,000 రూపాయలు చందా కడితే వారానికి రెండు సర్వేలు, ఒక్కోదానికి 500. పదకొండు వారాలకి మీ డబ్బు మీకు వచ్చేస్తుంది. మరి మిగతా నలభై ఒక్క వారాలు ఇచ్చేది ఎవరి డబ్బు? మీ తర్వాత చేరినవాడిది. 2011లో చెల్లింపులు ఆగాయి, పోలీసు కేసులు పడ్డాయి, లక్షల మంది నోరు తెరుచుకుని ఉండిపోయారు. ముందు చేరినవాళ్ళకి వచ్చింది నిజమే. అందుకే దాన్ని సాక్ష్యం అనకూడదు అంటున్నాను. మన సహోదరికి పడిన 150 ఆకాశం నుండి పడిన మన్నా కాదు. ఎక్కడో ఇంకో ఆడబిడ్డ కమ్మలు తాకట్టు పెట్టి పంపిన నలభై వేలలో ముక్క. ఒకరి ఏడ్పు మీద మనం చప్పట్లు కొట్టాం.

ఇప్పుడు వాక్యం దగ్గరికి వస్తాను. కొందరు బోధకులు కూడా రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయం ఎత్తి, విధవరాలి నూనె పాత్ర చూపించి, "దేవుడు ఒక్క రాత్రిలో నీ ఆదాయం మార్చగలడు" అంటున్నారు. మార్చగలడు, సందేహం లేదు. కానీ ఆ అధ్యాయం పూర్తిగా చదవండి. ఆమె ఒక ప్రవక్త శిష్యుడి భార్య. అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ఆమెను ఏమీ కట్టమనలేదు, ఇంట్లో ఏముందని అడిగాడు. ఉన్న నూనె పెరిగింది. ఇరుగుపొరుగు వాళ్ళ దగ్గర ఆమె అడిగింది డబ్బు కాదు, ఖాళీ గిన్నెలు. ఆ నూనె అమ్మి, అప్పు తీర్చి, మిగిలినదానితో బతకమన్నాడు. అద్భుతం జరిగాక కూడా ఆమెకి అమ్మే పని ఉంది, అప్పు తీర్చే బాధ్యత ఉంది. ఆ నూనెలో ఇంకొకరి కన్నీటి చుక్క ఒక్కటీ లేదు.

ఒక్క పేజీ తిప్పితే 5వ అధ్యాయం, గేహజీ. అదే ఎలీషా ఇంటి మనిషి. నయమాను రథం వెంట పరుగెత్తి, నా యజమానుడు పంపాడని చెప్పి, ఇద్దరు ప్రవక్తల శిష్యులు వచ్చారని కథ అల్లి, వెండి, బట్టలు పట్టుకొచ్చాడు. అబద్ధం ఒక పాపం. కానీ నన్ను ఎక్కువ కలవరపెట్టేది, ఆ అబద్ధానికి ప్రవక్త పేరు వాడుకోవడం. నయమాను వెండి ఇచ్చింది గేహజీని చూసి కాదు, ఎలీషాను చూసి. మన గ్రూపులో "ప్రైజ్ ద లార్డ్" అని మొదలుపెట్టి లింకు పెట్టేవాళ్ళు ఇది ఆలోచించాలి. కొత్త మనిషిని చేరిస్తే ఇంత అని కమిషన్ వస్తుందని మీరు ముందే చెప్పరు. అవతలి అక్క లింకు నొక్కేది ఆ కంపెనీని నమ్మి కాదు. మీ పక్కన చాప మీద కూర్చుని ప్రార్థన చేసింది కాబట్టి, మిమ్మల్ని నమ్మి.

పోగొట్టుకున్నవాళ్ళను అత్యాశపరులని తిట్టే ప్రసంగాలు కూడా నాకు ఇష్టం లేదు. మిరప కోతలు అయిపోయాక మూడు నెలలు పని లేని ఇల్లు, నెల నెలా వాయిదా, కాలేజీలో పిల్ల. అది ఆశ కాదు, అవసరం. వాళ్ళు 4వ అధ్యాయంలోని విధవరాలు. నా కోపం 5వ అధ్యాయం మీద.

ఇంకోటి దీనికంటే ప్రమాదం. డబ్బు పంపమన్నప్పుడు చూడండి, ప్రతిసారీ వేరే మనిషి పేరు వస్తుంది. ఎవరు వాళ్ళు? చాలాసార్లు మనలాంటి పల్లెటూరి కుర్రాళ్ళే. "నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ము ఇవ్వు, నెలకి కొన్ని వేలు ఇస్తాం" అంటే ఇచ్చేస్తున్నారు. కష్టం లేని ఆదాయం అనుకుంటున్నారు. ఆ ఖాతాలోకి వచ్చేది దొంగ సొమ్ము. ఏ రాష్ట్రం పోలీసులో ఖాతా ఆపేస్తారు, కేసు ఖాతాదారుడి పేరు మీద పడుతుంది. అసలు దొంగ పేరు ఎక్కడా ఉండదు. సామెతలు 1వ అధ్యాయం 10 నుండి 19 వచనాలు మీ పిల్లల చేత పైకి చదివించండి. మాతో రా, అందరికీ ఒకే సంచి అని పిలిచేవాళ్ళు ఎవరో, వాళ్ళు చివరికి ఎవరి ప్రాణానికి ఉచ్చు పన్నుకుంటారో అందులో ఉంది. తమ్ముళ్ళారా, ఆ కమిషన్‌లో దశమభాగం తెచ్చి కానుకల సంచిలో వేస్తే నేను తీసుకోను. ఎవరికి ఏమనిపించినా సరే.

అవతల "హాయ్ మేడమ్" అని రాసేవాడి సంగతి కూడా తెలుసుకోండి. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు: డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన తెలుగు కుర్రాళ్ళను కాంబోడియా తీసుకెళ్ళి, గదుల్లో బంధించి, ఇలాంటి మోసాలే చేయించారు. కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడం పాత కథ కాదు. తేలిక డబ్బు తాడుకి రెండు కొసలా పేదవాళ్ళే ఉన్నారు.

అయితే ఫోన్‌లో సంపాదన అసలు లేదా అంటే, ఉంది. కానీ అది తేలిక కాదు. యూట్యూబ్ ప్రకటనల డబ్బులో వాటా కావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, పన్నెండు నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదా షార్ట్స్‌కి తొంభై రోజుల్లో కోటి వీక్షణలు. మనిషి నాలుగు నిమిషాలు చూస్తాడనుకుంటే 4,000 గంటలకి అరవై వేల సార్లు చూడాలి. అది మొదటి రూపాయికి ముందు. మన సంఘంలో బ్లౌజులు కుట్టి, ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి ఆర్డర్లు తెచ్చుకుంటున్న అక్క ఉంది, పచ్చళ్ళు పక్క ఊళ్ళకి పంపే ఇల్లు ఉంది. అవి నిజమైన పనులు. కొనేవాడికి చేతిలో వస్తువు వస్తుంది, అమ్మేవాడికి నడుం నొప్పి వస్తుంది. వాటికి సాక్ష్యం చెప్పండి, నేనే ముందు చప్పట్లు కొడతాను. పని ఇస్తానని మీ దగ్గరే డబ్బు అడిగేవాడు మాత్రం యజమాని కాదు.

ఇప్పటికే డబ్బు పంపినవాళ్ళకి. సిగ్గుపడి దాచకండి, భర్తకి తెలిస్తే కొడతాడని నలుగుతూ ఉండకండి. వెంటనే 1930 నంబరుకి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాకి మారకముందే చెబితే ఆపే అవకాశం ఉంటుంది, గంటలు గడిచేకొద్దీ తగ్గుతుంది. పంపిన రసీదులు, ఆ మెసేజీలు తుడిచేయకండి. పోయిన డబ్బు తెప్పిస్తామని ఫీజు అడుగుతూ ఇంకొకడు వస్తాడు, వాడికి రూపాయి ఇవ్వకండి. ఖాతా అద్దెకి ఇచ్చిన తమ్ముళ్ళు ఈరోజే బ్యాంకుకి వెళ్ళి రాతపూర్వకంగా చెప్పి ఆపించండి. స్టేషనుకి ఒంటరిగా వెళ్ళడానికి భయమైతే నేను వెంట వస్తాను.

ఈ ఆదివారం నుండి మన గ్రూపులో సంపాదన లింకులు ఎవరు పెట్టినా తీసేస్తాం, పెద్దలు ఒప్పుకున్నారు. ఆరాధన అయ్యాక అరగంట నేను, కాలేజీ చదివే ఇద్దరు యౌవనస్థులు మందిరం వరండాలో కూర్చుంటాం. మీకు వచ్చిన లింకు ఏదైనా నొక్కేముందు ఫోను తెచ్చి చూపించండి.