కౌంటు చూస్తున్నారు, కంప్రెసర్‌ను చూడడం లేదు

నెల్లూరు: కోస్తా మండలాలలో రొయ్యల బేరం ఎక్కడ జరిగినా వినవచ్చేవి మూడు మాటలే: కౌంటు, రేటు, అమెరికా సుంకం. 2025 ఆగస్టు 27న భారత సరుకులపై ఆ సుంకం 50 శాతానికి చేరినప్పుడు మిగిలిన రెండు మాటలు వెనుకబడ్డాయి. సుంకం వాషింగ్టన్‌లో నిర్ణయమయ్యేది. దానిపై ముత్తుకూరు కమీషన్ వ్యాపారికి గాని, ఇందుకూరుపేట ఎగుమతిదారుకు గాని ఎటువంటి అదుపూ లేదు. అదుపు ఉండి కూడా పట్టించుకోని నష్టం వేరే ఉన్నది. సరుకు నిల్వ ఉన్న గోడకు అవతలివైపున, యంత్రాల గదిలో, అది రోజూ పెరుగుతూ వస్తున్నది.

ఐసు ఫ్యాక్టరీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లు, కోల్డ్ స్టోరేజీలలో అధికభాగం అమ్మోనియా గ్యాసుతో నడిచేవే. ఈ గ్యాసు చవక. వేడిని పీల్చుకొనే శక్తి హెచ్చు. ఓజోన్ పొరకు హాని లేదు. చలువకు పనికివచ్చే ఈ గ్యాసే వేడికీ పనికివస్తుందన్నది సరుకుదారులలో చాలామందికి తెలియని విషయం. కంప్రెసర్ నుంచి వెలువడేటప్పుడు గ్యాసు బాగా వేడిగా ఉంటుంది. మామూలుగా అది కండెన్సర్‌కు పోయి ఆ వేడిని నీటికి వదులుతుంది. కోల్డ్ రూములోని కాయిళ్ళపై మంచు పేరుకున్నప్పుడు మాత్రం వేడి గ్యాసును ఆ కాయిళ్ళలోకే మళ్ళించి మంచును కరిగిస్తారు. కొన్ని ప్లాంట్లలో ఈ వేడితోనే కడుగుడుకు కావలసిన నీళ్ళు కాచుకుంటారు. ఒకే యంత్రం రెండు పనులు చేస్తున్నది కనుక దాని సంరక్షణలో లోపం జరిగితే రెండు వైపులా దెబ్బ తగులుతుంది.

మన కోస్తాలో భూగర్భ జలం చాలాచోట్ల ఉప్పన. ఆ నీటిని సరిగా శుద్ధి చేయకుండా వాడితే కండెన్సర్ ట్యూబులలో గార కడుతుంది. వేడి బయటకు పోదు, పీడనం పెరుగుతుంది. గ్యాసు ద్రవంగా మారే ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే కరెంటు ఖర్చు సుమారు 2 నుంచి 3 శాతం పెరుగుతుందని ఈ పని తెలిసినవారి లెక్క. నాలుగైదు డిగ్రీల తేడాను ఎవరూ గమనించకుండానే సీజన్ గడిచిపోవడం అరుదు కాదు. కాయిళ్ళ అడుగున చేరే నూనెను తీయకపోయినా ఖర్చు పెరిగేదే.

అంతకంటె మోసకరమైనది గాలి. "వాసన రాలేదు, కనుక లీకు లేదు" అన్నది యంత్రాల గదుల్లో తరచు వినబడే ధీమా. అమ్మోనియా మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 33 డిగ్రీల వద్ద మరుగుతుంది. రొయ్యలను గడ్డకట్టించే ప్లేట్ ఫ్రీజర్లు మైనస్ 40 వరకూ దిగుతాయి. ఆ స్థితిలో పైపుల లోపలి పీడనం బయటి పీడనం కంటె తక్కువ. సీలు అరిగితే గ్యాసు బయటకు రాదు, బయటి గాలే లోపలికి పోతుంది. వాసన ఎక్కడినుంచి వస్తుంది? అలా చేరిన గాలి కండెన్సర్‌లో తిష్ట వేసి పీడనం పెంచుతుంది. మీటరు తిరుగుతూనే ఉంటుంది, గది మాత్రం చల్లబడదు. దీనిని కనిపెట్టవలసింది ముక్కు కాదు, గంటగంటకు పీడనం, ఉష్ణోగ్రత వ్రాసే లాగ్ బుక్. ఆ పుస్తకాన్ని షిఫ్టు చివర ఒకేసారి కూర్చుని నింపే ఆపరేటర్లూ లేకపోలేదు.

కరెంటు బిల్లు యజమానిది, మనకేమిటి అని సరుకుదారు అనుకోవచ్చు. కాని తూకం ఎవరిది? గడ్డకట్టిన రొయ్య మైనస్ 18 వద్ద నిలకడగా ఉండాలి. మైనస్ 18కి, మైనస్ 12కి మధ్య అది ఊగుతూ ఉంటే లోపలి మంచు పలుకులు పెద్దవై కండ చితుకుతుంది. కరిగించి తూచినప్పుడు నీరు కారి బరువు తగ్గుతుంది. కౌంటు మారదు, గ్రేడు మారుతుంది. చెరువు గట్టు మీద ఐసు చాలకపోతే తల నల్లబడుతుంది. అక్కడ రైతుకు కోత, ఇక్కడ వర్తకుడికి కోత. 1997లో యూరప్ సంఘం భారత సముద్ర ఉత్పత్తుల దిగుమతిని నిలిపివేసినప్పుడు వేలెత్తి చూపింది సరుకును మాత్రమే కాదు, ప్లాంట్ల స్థితిని కూడా.

ప్రాణాల సంగతి వేరు. 2020 జూన్‌లో నంద్యాలలోని ఒక కర్మాగారంలో అమ్మోనియా లీకై ఒకరు మరణించారు. అదే ఏడాది ఆగస్టులో చిత్తూరు జిల్లాలోని ఒక డెయిరీలో పదిమందికి పైగా కార్మికులు, వారిలో అధికులు స్త్రీలు, ఆసుపత్రి పాలయ్యారు. రొయ్యల షెడ్లలో పనిచేసేదీ ముఖ్యంగా స్త్రీలే. దూరదేశపు ఉదంతం ఒకటి ఎగుమతిదారులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. 2010 ఆగస్టు 23న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, ఓడలకు ఎక్కించే కోడిమాంసం నిల్వచేసే కోల్డ్ స్టోరేజీలో కరెంటు ఏడు గంటలకు పైగా పోయి తిరిగి వచ్చింది. మంచు కరిగించే పని సగంలో ఉండగా ఆపరేటర్ కంట్రోలును తిరిగి మొదటికి తెచ్చాడు. కాయిల్‌లో వేడి గ్యాసు ఉండగానే చల్లని ద్రవపు మార్గం తెరుచుకున్నది. ఆ తాకిడికి పైపు పగిలి 32,000 పౌండ్ల అమ్మోనియా వెలువడింది. నూటయాభై మందికి పైగా అస్వస్థులయ్యారు. మాంసం, ప్యాకింగ్ సామాను కలిపి సుమారు 80 లక్షల పౌండ్లు గ్యాసు పాలైంది. కరెంటు పోయి రావడం, తుఫాను రాత్రులు నెల్లూరు తీరానికి కొత్తవి కావు. ఆ రాత్రి కంట్రోలు ముందు ఎవరు ఉంటారు, వారికి ఏమి నేర్పారు అన్నది విచారించవలసిన విషయం.

యంత్రం ఆపడానికి తీరిక ఎక్కడిదన్నది యజమానుల వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. పడవలకు ఐసు ఇచ్చే ఫ్యాక్టరీలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపల వేట నిషేధం ఉన్న 61 రోజులూ విరామమే. చెరువుల మీద ఆధారపడిన ప్లాంట్ల పరిస్థితి దీనికి తలక్రిందులు. వేసవి పట్టుబడులు ముమ్మరమయ్యేది సరిగ్గా ఆ రోజుల్లోనే. వాటికి తీరిక దొరికేది ఈశాన్య రుతుపవనాలు తగ్గి, చెరువులు ఎండబెట్టే డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో. సీళ్ళు, వాల్వు ప్లేట్లు, గ్యాస్కెట్లకు ముందే ఆర్డరు పెట్టనివారికి ఆ మూడు నెలలూ సామాను కోసం ఎదురు చూడడంతోనే సరిపోతాయి. సేఫ్టీ వాల్వులను అయిదేళ్ళకొకసారి మార్చాలన్న విదేశీ పద్ధతిని ఇక్కడ కొందరే పాటిస్తున్నారు. పీడనం పెరిగేవరకు వాల్వు చెడిందీ లేనిదీ తెలియదు, పెరిగాక తెలిసి ప్రయోజనం లేదు.

ఒత్తిడి తేగలిగినది సరుకుదారులే. అద్దె చీటీలో కార్టన్ల సంఖ్య, రేటు, తేదీ ఉంటాయి. గది ఉష్ణోగ్రత ఎంతలో ఉంచుతారన్న మాట చాలా చీటీలలో కనిపించదు. నిల్వ సరుకు చెడిపోతే పరిహారమిచ్చే బీమా సాధారణంగా యంత్రాల బ్రేక్‌డౌన్ పాలసీతో ముడిపడి ఉంటుంది. యంత్రాన్ని తగిన స్థితిలో ఉంచాలన్న షరతు అందులో ఉండనే ఉంటుంది. లాగ్ బుక్ ఖాళీగా ఉన్న ప్లాంటులో సరుకు చెడితే, సర్వేయరు ముందు సరుకుదారు చూపించేది ఏమిటి? అద్దె కిలోకు కొన్ని పైసలు తక్కువన్న ఒక్క కారణంతో ప్లాంటు మార్చేవారు, ఆ పైసలు ఏ పనిని ఆపి మిగిల్చినవో అడిగి తెలుసుకోవాలి.

రాబోయే వేసవి పంటకు కోల్డ్ స్టోరేజీ మాట్లాడుకునేవారు చీటీలో రెండు పంక్తులు చేర్పించుకోవచ్చు: గది ఉష్ణోగ్రత మైనస్ 18 దాటకూడదని, లాగ్ బుక్ ఎప్పుడడిగినా చూపాలని. రెండవ పంక్తికి ఒప్పుకోని యజమాని వద్ద బేరం కుదుర్చుకునే ముందు బ్రోకర్లు ఒకసారి యంత్రాల గది చూచి రావడం మంచిది.