మా సంతకానికి మేమే జవాబుదారులం
జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రజాజీవన ప్రణాళిక

1978 సెప్టెంబర్ 7న వేలాది రైతుకూలీలు జగిత్యాలలో జైత్రయాత్ర జరిపారు. వెట్టి చేసేది లేదన్నారు. దొరలు గుంజుకున్న దండుగలు తిరిగి ఇవ్వాలన్నారు. ఆ అక్టోబర్‌లోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అధికారాన్ని నిలదీయడం ఈ నేలకు అలవాటే. ఇవాళ ఆ నిలదీత మాతోనే మొదలుపెడుతున్నాం.

మేం ఉద్యోగులం, ఉపాధ్యాయులం, వైద్యులం, వకీళ్లం, విలేకరులం, వార్డు సభ్యులం, సంఘాల బాధ్యులం. దొరల గడీల కాలం పోయింది. అయినా పింఛను అడగడానికొచ్చిన అవ్వ ఆఫీసు గడపలో చేతులు కట్టుకుని నిలబడుతోంది. వ్యవస్థ ఇంతే అని తప్పించుకోవడం మాకు తగదు. ప్రతి ఫైలూ ఎవరో ఒకరి బల్ల మీదే ఆగుతుంది. ఆ బల్ల మాదైతే జవాబూ మాదే.

మా ఒడంబడిక:

1. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. జవాబుకు 30 రోజుల గడువు పెట్టింది. గడువు నిండేదాకా కూర్చోం. అడగకముందే చెప్పాల్సిన వివరాలు అందరికీ కనబడేలా గోడ మీద పెడతాం.

2. లంచం తీసుకోం, ఇవ్వం. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో ఇచ్చేవారూ శిక్షార్హులే. బలవంతాన ఇవ్వాల్సి వచ్చినవారు 7 రోజుల్లో ఫిర్యాదు చేస్తే చట్టం రక్షణ ఇస్తుంది. వారికి తోడుగా మేం వెళ్తాం.

3. గల్ఫ్‌కు పనివాళ్లను పంపే రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి గుంజేవాడు మా చుట్టమైనా, మా పార్టీవాడైనా వెనకేసుకురాం.

4. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు కొన్నేళ్లపాటు సిరిసిల్ల మరమగ్గాలకు పని చూపాయి. ప్రజల సొమ్ముతో ఏ ఆర్డరు వచ్చినా కార్మికుడి కూలి ఎంత, మగ్గాల ఆసామికి ముట్టేది ఎంత, బిల్లు ఎప్పుడు అన్నవి బహిరంగంగా చెప్పాలని పట్టుబడతాం.

5. తప్పు చేసినవారే ఒప్పుకోవాలి, చేసిన చోటే దిద్దాలి. కింది ఉద్యోగి మీదికి నెట్టినవారికి మాలో చోటు లేదు.

6. కులం, పార్టీ, పైరవీ చూసి వరుస మార్చం. ముందొచ్చినవారి పని ముందు చేస్తాం.

ఇందులో చేరడానికి చందా లేదు, సిఫారసు అక్కర్లేదు. ఒకటే షరతు. మీ దగ్గర ఆగిపోయిన ఒక్కరి పనైనా పూర్తి చేసి, ఆ తర్వాతే వచ్చి ఇక్కడ సంతకం పెట్టండి.